కొత్త పేకకట్ట – పాత జ్ఞాపకం: గంజిఫా నిర్మాణ చరిత్ర, ఒక పరిశీలన

వ్యాససంగ్రహం: కొత్త పేకకట్టను రూపొందించడమంటే కొత్త బొమ్మలు గీయడం మాత్రమే కాదు; ఆటగాళ్ల జ్ఞాపకానికి అందే ఒక క్రమాన్ని నిర్మించడం. అక్బరు ఆస్థానంలోని గంజిఫాను, దశావతార గంజిఫాను, మైసూరు రాజప్రాసాదంలోని 'ఛద్' ఆటలను ఈ దృష్టితో పోల్చి, ఒక కట్ట నిలవడానికీ నిలవకపోవడానికీ గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గంజిఫా, దశావతారాలు, పేకాట, నిర్మల్, కమాన్‌పూర్, జ్ఞాపకం.

1. ఉపోద్ఘాతం

పెద్దపల్లి జిల్లాలోని కమాన్‌పూర్ సింగరేణి రామగుండం బొగ్గు ప్రాంతానికి చెందిన మండల కేంద్రం. ఇక్కడి ఆదివరాహస్వామి బండరాతిపై స్వయంభువుగా వెలిశాడని భక్తుల విశ్వాసం. భూమిని పైకెత్తిన దేవుడు వెలసిన ఊరి చుట్టూ, భూగర్భం నుంచి బొగ్గును పైకి తెచ్చే పరిశ్రమ విస్తరించడం ఒక విచిత్రమైన పొందిక. మత్స్య, కూర్మాల తరువాత వచ్చేది వరాహమని ఈ ఊళ్లో ఎవరికీ పుస్తకం చూసి చెప్పవలసిన పని లేదు. గుడి, కథ, పండుగ ఆ క్రమాన్ని ముందే నేర్పి ఉంటాయి. ఇలా ముందే నేర్చుకున్న క్రమానికీ, పేకకట్ట నిర్మాణానికీ ఉన్న సంబంధం పరిశీలించదగినది.

పేకాటను తెలుగు సమాజం ప్రధానంగా వ్యసనంగానే చూసింది. అందువల్ల పేకకట్టను ఒక రచనగా, ఒక కల్పనగా చదివే ప్రయత్నం అరుదు. చదరంగానికి దక్కిన గౌరవం పేకకు దక్కలేదు.

2. గంజిఫా స్వరూపం

గంజిఫా ముక్కలు సాధారణంగా గుండ్రంగా ఉంటాయి. బాబరు సింధు పాలకుడైన షా హసన్‌కు గంజిఫా పంపినట్లు 1527 నాటి 'బాబర్‌నామా' ఉల్లేఖనం తెలుపుతున్నది. భారతదేశంలో ఈ ఆట ఉనికికి ఇది తొలి లిఖిత ఆధారాలలో ఒకటి.

మొగలు గంజిఫాలో 8 వర్గాలు, ఒక్కొక్క వర్గంలో 12 ముక్కలు, మొత్తం 96 ముక్కలు. రాజు, మంత్రి కాక తక్కిన 10 అంకెల ముక్కలు. ముగ్గురు ఆడితే ఒక్కొక్కరికి 32 ముక్కలు వస్తాయి. సగం వర్గాలలో మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. తక్కిన సగంలో ఒకటి పెద్దది, పది చిన్నది. ఇందులో తురుఫు లేదు. దించిన వర్గంలో పెద్దముక్క వేసినవాడు ఆ చుట్టులోని ముక్కలన్నీ గెలుచుకుంటాడు. తనకంటే పెద్దముక్కలన్నీ వెళ్లిపోయినప్పుడు ఒక సామాన్యమైన అంకెముక్క కూడా అజేయమవుతుంది. ఏది వెళ్లిపోయిందో, ఏది మిగిలిందో గుర్తుంచుకున్నవాడే గెలుస్తాడు. కాబట్టి గంజిఫా ప్రధానంగా జ్ఞాపకపు ఆట.

3. అక్బరు కట్ట: రాజ్యాల పటం

కట్టను బుద్ధిపూర్వకంగా పునర్నిర్మించిన ప్రయత్నానికి అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ' సాక్ష్యం. పూర్వులు 12 సంఖ్యను ప్రాతిపదికగా తీసుకున్నారనీ, అయితే పన్నెండుమంది రాజులు పన్నెండు రకాలుగా ఉండాలన్న విషయాన్ని విస్మరించారనీ ఆయన వివరించాడు. అక్బరు ఆడిన కట్టలో అశ్వపతి, గజపతి, నరపతి, ధనపతి, వనపతి, అహిపతి మొదలైన 12 వర్గాలున్నాయి. అంటే 144 ముక్కలు. ఆ తరువాత అక్బరు కొన్ని వర్గాలను మార్చినట్లు కూడా అదే గ్రంథం చెబుతున్నది.

ఇందులోని మొదటి మూడు పేర్లు తెలుగు పరిశోధకులకు కొత్తవి కావు. 'రాయవాచకము' చెప్పే మూడు సింహాసనాలు ఇవే. అశ్వపతి ఢిల్లీ ప్రభువు, గజపతి ఒడిశా ప్రభువు, నరపతి విజయనగర ప్రభువు. అబుల్ ఫజల్ కూడా అశ్వపతిని ఢిల్లీకి, గజపతిని ఒడిశాకు అన్వయించాడు. కాని పదాతిబలం గల నరపతికి ఉదాహరణగా బిజాపూరు పాలకులను చూపాడు. 1565 యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్న కొన్ని దశాబ్దాలకు 'ఐన్' రూపొందింది. తెలుగు వచనం విజయనగరానికే నిలిపి ఉంచిన బిరుదును ఉత్తరాది గ్రంథం బిజాపూరుకు అన్వయించింది. ఒకే పేరు, రెండు సింహాసనాలు. పేకముక్క ఇక్కడ రాజకీయ భూగోళానికి చిన్న పటంగా పనిచేసింది. అయితే రాజ్యాలు మారితే అర్థం సడలిపోయే పటమది.

4. దశావతార కట్ట: తెలిసిన క్రమం

దశావతార గంజిఫాలో 10 వర్గాలు, 120 ముక్కలు. 96 ముక్కల కట్టకంటే ఇది పెద్దది. గుర్తుంచుకోవలసిన భారం ఎక్కువ. అయినప్పటికీ మహారాష్ట్రలోని సావంత్‌వాడి, బెంగాలులోని బిష్ణుపూర్, ఒడిశా గ్రామాల వరకు ఇది వ్యాపించింది. కారణం దాని క్రమంలో ఉంది. మత్స్యానికి చేప, కూర్మానికి తాబేలు, పరశురాముడికి గొడ్డలి వంటి గుర్తులను ఎవరూ కొత్తగా నేర్చుకోనక్కరలేదు. పగటి ఆట రాముడి వర్గంతో, రాత్రి ఆట కృష్ణుడి వర్గంతో మొదలుపెట్టే నియమం కూడా కథాసంప్రదాయానికి దగ్గరగానే ఉంది. సూర్యవంశజుడికి పగలు, చంద్రవంశజుడికి రాత్రి.

ఒడిశాలో 8 వర్గాల కట్టను 'అఠరంగి' అనీ, 10 వర్గాల కట్టను 'దశరంగి' అనీ పిలిచారు. తెలంగాణలో నిర్మల్ చిత్రకారులు గంజిఫా ముక్కలను చిత్రించారు. దర్బారు కట్టలకు దంతం, తాబేటి చిప్ప వంటి ఖరీదైన సామగ్రిని వాడితే, బజారు కట్టలకు కాగితం, జిగురుతో అట్టకట్టిన గుడ్డ సరిపోయాయి. దంతం కొనలేనివాడు కూడా గుడ్డముక్కలతో అదే ఆట ఆడగలిగాడు. సామగ్రి మారినా క్రమం మారకపోవడమే ఇందుకు కారణం.

5. మైసూరు కట్టలు: ప్రాసాదపు పరిమితి

మైసూరు పాలకుడు మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794–1868) పరిపాలనాధికారం 1831లో బ్రిటిషువారి చేతికి వెళ్లింది. ఆయన కళలపైనా ఆటలపైనా విశేష శ్రద్ధ చూపాడు. ఆయన రూపొందించిన 'ఛద్' ఆటల వివరాలు 'శ్రీతత్త్వనిధి'లోని కౌతుకనిధిలో ఉన్నాయి. వాటిలో చాముండేశ్వరీ ఛద్‌కు 16 వర్గాలు, 320 ముక్కలు.

కల్పనాశక్తిలో ఇవి ఏ కట్టకూ తీసిపోవు. కాని ఒక్కొక్క వర్గంలో 20 ముక్కల హెచ్చుతగ్గులను, అలాంటి 16 వర్గాలను గుర్తుంచుకుంటూ ఆడడానికి ఆస్థానపు తీరిక కావాలి. ఈ ఆటలు ప్రాసాదం వెలుపల విస్తృతంగా ప్రచారం పొందలేదు. దేవతల పేర్లు ప్రజలకు తెలిసినవే. ఆ దేవతల మధ్య కట్ట కల్పించిన క్రమం మాత్రం కొత్తది. పేరు తెలియడం వేరు, వరుస తెలియడం వేరు.

6. కట్టకు పరీక్ష

నేటి సేకరణ పేకల ఆటలు ఈ చరిత్రకు కొత్త మలుపు. 1993లో రిచర్డ్ గార్ఫీల్డ్ రూపొందించిన 'మ్యాజిక్: ది గ్యాదరింగ్'లో సాధారణంగా కట్టకు కనీసం 60 ముక్కలు ఉండాలి, మౌలిక భూమి ముక్కలు తప్ప ఒకే పేరు గల ముక్కలు నాలుగుకు మించరాదు. ఒకప్పుడు రాజు చేసిన పనిని ఇక్కడ ప్రతి ఆటగాడూ చేస్తాడు. విస్తారమైన ముక్కల నుంచి తన కట్టను ఎంచుకుంటాడు, పదేపదే ఆడి చూస్తాడు, పనికిరానిదాన్ని తీసివేస్తాడు. గంజిఫా విషయంలో ఈ పరీక్ష తరాల తరబడి జరిగింది. అక్కడ తీసివేసినవాడు ఒక వ్యక్తి కాదు, సమాజం.

జ్ఞాపకమే కొలమానమన్న భావన న్యాయశాస్త్రంలోనూ కనిపిస్తుంది. హైదరాబాదు జూద చట్టం కింద ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 1967లో తీర్పునిస్తూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని పేర్కొంది. పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో నిర్ణయించుకోవడం అందుకు కారణాలుగా చూపింది. పందెం సంగతి వేరు; ఆటలోని బుద్ధిని న్యాయస్థానం గుర్తించింది.

7. ముగింపు

పై పరిశీలన వల్ల ఒక విషయం స్పష్టమవుతున్నది. కట్ట ఆయుష్షును నిర్ణయించేది దానిలోని ముక్కల సంఖ్య కాదు, బొమ్మల అందం కాదు. ఆటగాడి మనసులో ముందే ఉన్న వరుసతో దానికి గల పొత్తు. దశావతార కట్టను గీసినవారు వరుసను కల్పించలేదు, ఉన్నదాన్ని గుర్తించారు.

అచ్చుపేక వ్యాప్తితో గంజిఫా వెనుకబడింది. తెలుగువారి చేతికి ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరు వచ్చాయి. కళావరు, ఆఠీను అనే మాటలు డచ్చి భాషలోని 'క్లావర్', 'హార్టెన్' పదాలకు దగ్గరగా వినిపించడం మచిలీపట్నపు వర్తక చరిత్రను స్ఫురింపజేస్తుంది. ఆ గుర్తులకు వెనుక తెలుగువారికి తెలిసిన కథ ఏదీ లేదు. కథ పోయినచోట ఆట పందెంగా మాత్రమే మిగలడం సులువు. రేపు బొగ్గుబెల్టులో ఎవరైనా తెలుగు పేకకట్టను తయారుచేయదలిస్తే, మొదట వెతకవలసింది చిత్రకారుడిని కాదు. కమాన్‌పూర్ వరాహంలాగా ఆ ప్రాంతపు ప్రజలు చూడకుండా చెప్పగల వరుసను.