స్పర్శ లేని మచ్చా? లైట్ తీసుకోవద్దు.. కుష్టుపై పరిశోధనల్లో ఏం తేలింది?

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పల్లెల్లో కుష్టు సర్వే అంటే ఆశా వర్కర్లు ఇంటింటికీ వచ్చి ఒంటిపై మచ్చలున్నాయా అని అడుగుతారు. పాలిపోయి లేదా ఎర్రగా ఉండి, ముట్టుకున్నా తెలియని మచ్చ కోసమే ఈ వెతుకులాట.

కారణం ఏంటి?
మైకోబ్యాక్టీరియం లెప్రే అనే సూక్ష్మజీవి. 1873లో నార్వే డాక్టర్ హాన్సెన్ దీన్ని గుర్తించారు. ఒకటి రెండవ్వడానికే దాదాపు 2 వారాలు పడుతుంది. అందుకే లక్షణాలు బయటపడేందుకు సగటున 5 ఏళ్లు, ఒక్కోసారి 20 ఏళ్లు కూడా పట్టొచ్చు.

ల్యాబ్‌లో పెరగదు
ఈ క్రిమిని ల్యాబ్ ప్లేట్లలో పెంచడం ఇప్పటికీ సాధ్యం కాలేదు. తమిళనాడు రోగి నుంచి సేకరించిన క్రిమి జన్యుక్రమం 2001లో వెల్లడైంది. అందులో పనిచేసే జన్యువులున్న భాగం సగం కూడా లేదని తేలింది. సొంతంగా బతికే శక్తి పోగొట్టుకుని, మన చర్మం, నరాల కణాల్లోనే తలదాచుకుంటోంది.

ఇంట్లోవాళ్ల సంగతి?
రోగికి దగ్గరగా ఉండేవారికి ఒక్క డోసు రిఫాంపిసిన్ ఇస్తే తొలి 2 ఏళ్లలో ముప్పు 57 శాతం తగ్గిందని బంగ్లాదేశ్ అధ్యయనం 2008లో తేల్చింది. 2018లో డబ్ల్యూహెచ్‌వో కూడా దీన్ని సిఫారసు చేసింది.

చికిత్స
పీహెచ్‌సీల్లో ఎండీటీ మందులు ఫ్రీ. వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడాలి. క్రిమి చచ్చినా, బాగా దెబ్బతిన్న నరాలు తిరిగి రావు. మచ్చ దాచిపెడితే పోయేది చేతివేళ్ల పట్టే.