నీళ్లు తోడేసినంక లెక్క ఎవరు రాస్తరు?

ఇయ్యాల సెలవు, డ్యూటీ లేదు. పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

2024 ఏప్రిల్ 16ను ఇక్కడున్న మనవాళ్లెవరూ మరిచిపోరు. ఆ వానకు అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటలు గడవకముందే 254 మిల్లీమీటర్లు పడింది. 1949లో వాన లెక్కలు మొదలైనప్పటి నుంచి ఈ దేశంలో అంత వాన నమోదు కాలేదు. మబ్బుల మీద మందు చల్లినందుకే అట్లయిందని వాట్సాప్ నిండా తిరిగింది. శాస్త్రవేత్తలు పరిశీలించి, అది కారణం కాదని చెప్పిండ్రు. అదే వాన ఒమన్‌ను కూడా ముంచింది.

షార్జాలో మా రూము కింది అంతస్తు. మోకాళ్ల లోతు నీళ్లు వచ్చినయి, ఐదు రోజులు కదల్లేదు. నీళ్లు తీసినంక నోటుబుక్కుల నా నష్టం రాసుకున్న. పరుపు 80 దిర్హాములు, బియ్యం బస్తా 60, ఫోన్ 350, ఊరికి పోయేందుకు కట్టి పెట్టుకున్న కార్టన్ 600, పని లేని 6 రోజుల జీతం 300. మొత్తం 1,390. మన రూపాయల్లో 31 వేల పైనే. ఈ లెక్క నన్ను అడిగినోళ్లు లేరు. ఎవరికియ్యాల్నో నాకూ తెలియదు.

పెద్ద లెక్కలు మాత్రం వచ్చినయి. బీమా కంపెనీలు కట్టాల్సిందే సుమారు 300 కోట్ల డాలర్లు ఉంటదని అంచనా వేసిండ్రు. ప్రభుత్వం తన పౌరుల ఇండ్ల మరమ్మతుకు 200 కోట్ల దిర్హాములు ఇచ్చింది. వాళ్ల దేశం, వాళ్ల పౌరులు, తప్పు పట్టను. కానీ ఒకటి అర్థమైంది. బీమా కాయితం ఉన్న కారుకు లెక్క ఉంటది, కాయితం లేని బియ్యం బస్తాకు ఉండదు.

అసలు వరద నష్టం ఎట్ల లెక్క కడతరు? నీళ్లల్ల తడిసి పాడైన వస్తువులు ఒక భాగం. మూతబడిన దుకాణం, ఆగిన విమానం, పోయిన కూలి రెండో భాగం. ఇంగ్లండ్‌లో మిడిల్‌సెక్స్ పాలిటెక్నిక్ వాళ్లు 1977లో దీని మీద ఒక పుస్తకమే తెచ్చిండ్రు. ఇంట్లకు ఎంత లోతు నీళ్లొస్తే ఎంత నష్టమో పట్టికలు కట్టిండ్రు. అట్ల లెక్క ఉంటేనే, కాలువకు ఇంత ఖర్చు పెడితే ఇంత నష్టం తప్పుతదని సర్కారుకు చూపించొచ్చు. లెక్కలోకి రాని నష్టం కోసం కాలువ తవ్వేటోళ్లు ఉండరు.

ఇప్పుడు మన హైదరాబాద్ సంగతి చూద్దాం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. సుమారు 15 వేల మంది చనిపోయిండ్రని చెప్తరు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది బతికిన కథ మీరూ వినే ఉంటరు. మరుసటేడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన ఊర్ల కూలిన ఇండ్ల దగ్గరే ఆగిపోలేదు, నీళ్లు ఎక్కడి నుంచి వచ్చినయో వెతికిండు. ఎగువన 788 చెరువులుంటే 221 తెగినయని తేలింది. అందుకే నగరానికి పైనే నీళ్లు ఆపాలన్నడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయినయి. ముంచిన నీళ్లే తాగునీళ్లయినయి.

కానీ నది వరద వేరు, నగరం నెత్తిన పడే వాన వేరు. 2000 ఆగస్టు 24న బేగంపేటలో 24 సెంటీమీటర్లు పడింది. 2020 అక్టోబర్‌లో బాలాపూర్ గుర్రం చెరువు తెగి బస్తీలు మునిగినయి. గండిపేట వీటిని ఆపలేదు. ఈ వానను ఆపాల్సినవి ఊరి నడుమ చెరువులు, నాలాలు. వాటిని మనమే పూడ్చినం, మీద ప్లాట్లు చేసి అమ్మినం, కొన్నం. గల్ఫ్ పైసలతోని కొన్న ప్లాట్లు కూడా అందులో ఉంటయి. 2020లో సర్కారు ఇంటికి 10 వేల తక్షణ సాయం ప్రకటించింది. ఆకలికి అది అక్కరకొచ్చింది, కాదనను. కానీ చెద్దరు తడిసినోనికీ, కుట్టుమిషన్ పోయినోనికీ అదే 10 వేలు. అది సాయమే గానీ లెక్క కాదు.

దుబాయ్ మాత్రం రెండు నెలలకే, 2024 జూన్‌లో, తస్రీఫ్ అనే వాన నీటి కాలువల పథకం ప్రకటించింది. ఖర్చు 3,000 కోట్ల దిర్హాములు, గడువు 2033. ఆ సొరంగాలు తవ్వేది, పైపులు మోసేది మనలాంటోళ్లే.

మన చేతుల ఉన్నవి చిన్న పనులు. పాస్‌పోర్ట్, కాయితాలు ప్లాస్టిక్ కవర్ల పెట్టి పై అరల పెట్టండి. బియ్యం, కార్టన్ మంచం కింద పెట్టకండి, నీళ్లు మొదలు చేరేది అక్కడికే. నీళ్లొస్తే ముందు మెయిన్ స్విచ్ ఆపండి. ఊర్ల ప్లాటు కొనే ముందు పాత నక్షాల చెరువు, నాలా ఉన్నయేమో చూడండి. మునిగితే ఫోటోలు తీసి, తారీఖు వేసి, ధరతోని రాసి పెట్టండి. పైసలు వస్తయని కాదు. ఎవరన్నా అడిగిన నాడు చూపించనీకె మన దగ్గర లెక్కుండాలె.

నా నోటుబుక్కు ఇంకా ఉంది. తడిసి అంచులు ఉబ్బినయి గానీ అంకెలు కనిపిస్తున్నయి. మీ లెక్క ఎంతో కింద రాయండి. మనవి మనమన్నా కూడుకుందాం.