హదోకెన్ ప్రయాణం: తెర నుంచి ఆటకు, ఆట నుంచి తెరకు

1974లో జపాన్ టెలివిజన్‌లో 'స్పేస్ బ్యాటిల్‌షిప్ యమాటో' అనే యానిమే సీరియల్ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిపోయిన యమాటో యుద్ధనౌకే అంతరిక్ష నౌకగా మారి, రేడియేషన్ నుంచి భూమిని కాపాడే సాధనం కోసం ఎక్కడో ఉన్న గ్రహానికి బయల్దేరుతుంది. ఆ నౌక ముందు భాగంలో ఓ పెద్ద ఫిరంగి ఉంటుంది. పేరు 'హదోహో', అంటే తరంగ ఫిరంగి. అది పేలిన క్షణం కన్నా పేలబోయే ముందు గడిచే కాలమే గొప్పగా ఉంటుంది. దీపాలు మసకబారతాయి. సిబ్బంది కళ్లకు నల్లద్దాలు పెట్టుకుంటారు. శక్తి 120 శాతానికి చేరిందని ఒకరు చెబుతారు. అంకెలు ఒక్కొక్కటే తగ్గుతూ సున్నా దాకా వస్తాయి. చూసేవాడు ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు.

ఆ ఫిరంగి తకాషి నిషియామా అనే ఆటల రూపకర్త మనసులో నాటుకుంది. 1987లో క్యాప్‌కామ్ కంపెనీకి ఆయన 'స్ట్రీట్ ఫైటర్' తయారుచేసినప్పుడు, ర్యూ అనే కరాటే వీరుడి అరచేతుల్లోంచి వెలుగు ముద్ద దూసుకెళ్లేలా పెట్టాడు. దాని పేరు హదోకెన్, తరంగ ముష్టి. ఆ 'హదో' యమాటో నుంచి వచ్చిందేనని తర్వాత ఆయనే చెప్పాడు. ఫైటింగ్ ఆటల యానిమేల గురించి మాట్లాడేవాళ్లు ఈ సంగతిని తరచూ వదిలేస్తారు. ఆటలు యానిమేగా మారడానికి చాలా ముందే యానిమే ఆటలోకి వచ్చి కూర్చుంది.

అయితే ఆ దారిలో ఒకటి జారిపోయింది. జాయ్‌స్టిక్‌ను కిందికి, ఏటవాలుగా, ముందుకు తిప్పి గుద్దు బటన్ నొక్కితే చాలు, హదోకెన్ వెళ్లిపోతుంది. రెప్పపాటు పని. నల్లద్దాలూ లేవు, తగ్గే అంకెలూ లేవు. ఆటకు కావలసిందీ అదే. ఎదుటివాడు మీదికి వస్తుంటే ఎదురుచూపుకు చోటెక్కడ? ఆ ఎదురుచూపును మళ్లీ తెచ్చి పెట్టడమే తర్వాత వచ్చిన యానిమేలన్నిటి ముందూ నిలిచిన పని. ఏది ఎంత బాగుందో తేల్చుకోవడానికి నేను వాడే కొలత కూడా అదే.

1991లో 'స్ట్రీట్ ఫైటర్ 2' వచ్చి ఆర్కేడ్లను ఊపేసింది. ఎంచుకోవడానికి ఎనిమిది మంది వీరులు, 99 నుంచి తగ్గే గడియారం, గెలిచిన వీరుడికి చివర నాలుగైదు బొమ్మలతో చిన్న ముగింపు. కథ అంటే అంతే. తొంభైల చివర్లో మన ఊళ్ల వీడియో గేమ్ పార్లర్లలో 'కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97' ఆడినవాళ్లకు ఇది అనుభవమే. కాయిన్ వేసి ముగ్గుర్ని ఎంచుకునేవాళ్లం. వాళ్లెవరో, ఎందుకు కొట్టుకుంటున్నారో మాకు తెలియదు. ఎవరి దెబ్బ ఎంత దూరం వెళ్తుందో మాత్రం కంఠతా వచ్చు. పాత్ర అంటే మాకు దాని నిలబడే తీరు, టోపీ, కేక. ఇంత తక్కువ సరుకుతో గంటన్నర సినిమా తీయాలి మరి.

ఆ పనికి క్యాప్‌కామ్ కన్నా ముందు దిగింది దాని పోటీదారు ఎస్ఎన్‌కే. నిషియామా అప్పటికే అక్కడికి వెళ్లిపోయి, 1991లో 'ఫేటల్ ఫ్యూరీ' ఆట తీసుకొచ్చాడు. 1992 డిసెంబర్ 23న దాని ఆధారంగా ఫుజి టీవీలో ఒక ప్రత్యేక యానిమే ప్రసారమైంది. తండ్రిని గీస్ హోవార్డ్ కళ్లముందే చంపితే, టెర్రీ, ఆండీ అనే ఇద్దరు అన్నదమ్ములు పెరిగి పెద్దవాళ్లయి పగ తీర్చుకోవడానికి తిరిగొస్తారు. ఎన్నో తెలుగు సినిమాల్లో చూసిన కథే, కాబట్టి మనకు కొత్తగా అనిపించదు. 1993లో రెండోది టీవీలో, 1994 జులైలో మూడోది థియేటర్లలో వచ్చాయి. మూడింటికీ పాత్రల రూపకల్పన మసామి ఒబారిది. మూడోదానికి దర్శకుడు కూడా ఆయనే. ఒబారి రోబోట్ల యానిమేలతో పేరు తెచ్చుకున్న బొమ్మలగాడు. అందుకేనేమో ఆయన గీసిన మనుషులు కూడా దెబ్బకు ముందు ఇనుప యంత్రాల్లా బిగుసుకుంటారు. భుజం వెనక్కి వెళ్తుంది, నడుము తిరుగుతుంది, ఒక్క క్షణం బొమ్మ ఆగుతుంది, అప్పుడు పిడికిలి వస్తుంది. కథలో పాత వాసన ఉన్నా, ఆ ఆగిన క్షణం కోసం ఆ మూడు చిత్రాలూ ఇప్పటికీ చూడదగ్గవే.

1994 ఆగస్టు 6న 'స్ట్రీట్ ఫైటర్ 2' యానిమే చిత్రం జపాన్‌లో విడుదలైంది. దర్శకుడు గిసబురో సుగీ. ఆయన అంతకుముందు తీసినవాటిలో బేస్‌బాల్ కుర్రాళ్ల మౌనమైన ప్రేమకథ 'టచ్' ఉంది, పిల్లి రూపంలోని పిల్లలు రాత్రి రైల్లో ఆకాశం మీదుగా వెళ్లే 'నైట్ ఆన్ ద గెలాక్టిక్ రైల్‌రోడ్' ఉంది. నిదానం తెలిసిన మనిషి కాబట్టే ఈ పని ఇంత చక్కగా కుదిరిందని నా నమ్మకం.

మొదటి దృశ్యమే చూడండి. రాత్రి. గడ్డి మైదానం. గాలికి గడ్డి అలలుగా వంగుతోంది. మెరుపు మెరిసినప్పుడే మొహాలు కనిపిస్తాయి. ఒకపక్క సగాట్, ఒంటికన్ను థాయ్ యోధుడు. మరోపక్క ర్యూ. మాటల్లేవు. సగాట్ మోకాలు తగిలితే ర్యూ బరువుగా పడతాడు, ఆ బరువు మనకు తెలుస్తుంది. ర్యూ పైకెగసి కొట్టిన దెబ్బకు సగాట్ ఛాతీ చీలి నెత్తురు చిమ్ముతుంది. 'స్ట్రీట్ ఫైటర్ 2' ఆడినవాళ్లకు సగాట్ ఛాతీ మీది మచ్చ వెనకున్న కథ ఇదేనని వెంటనే అర్థమవుతుంది. రోషంతో సగాట్ మీదికి ఉరుకుతాడు. ర్యూ రెండు అరచేతులూ నడుము దగ్గరికి తెచ్చి దగ్గరగా పెడతాడు. అరచేతుల మధ్య వెలుగు కూడుతుంది. ఆటలో రెప్పపాటులో పోయే హదోకెన్‌కు సుగీ ఇక్కడ యమాటో ఫిరంగి కాలాన్ని తిరిగి ఇచ్చాడు. ఆ తర్వాతే సినిమా పేరు పడుతుంది.

చిత్రమంతా ఇదే స్థాయిలో సాగిందని చెప్పను. చున్ లీ అనే యోధురాలి ఇంట్లో జరిగే పోరు ఒళ్లు గగుర్పొడిచేంత బాగుంటుంది. సోఫా లేస్తుంది, గోడ పగులుతుంది, గెలిచాక కూడా ఆమె స్పృహ తప్పి పడిపోతుంది. కానీ దానికి ముందు స్నానాల గదిలో కెమెరా ఆమె ఒంటి మీద నిలిచిన తీరు ఆ పాత్రకు అవమానం. కలకత్తాలో మరో ఇద్దరు వీరులు ధాల్సిమ్, హోండాల పోటీ చూస్తే, బయటివాళ్లు ఊహించుకునే భారతదేశమే మళ్లీ కళ్లముందు నిలుస్తుంది. అయినా చిత్రం జనంలోకి బలంగా వెళ్లింది. ర్యోకో షినోహారా పాడిన, తెత్సుయా కోమురో స్వరపరచిన పాట ఒక్కటే ఇరవై లక్షలకు పైగా అమ్ముడైంది. మరుసటి ఏడాది వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ ఆల్ఫా' ఆటలో ర్యూ, అతని మిత్రుడు కెన్ కలిసి ఒకే శత్రువును ఎదుర్కొనే రహస్య పోటీ పెట్టారు. ఆ జంట పోరు ఈ సినిమా పతాక సన్నివేశమే. తెర నుంచి ఆటకు వచ్చిన రెండో బాకీ అది.

సుగీ అక్కడితో ఆగలేదు. 1995 ఏప్రిల్ నుంచి నవంబర్ దాకా 29 భాగాల 'స్ట్రీట్ ఫైటర్ 2 వి' టీవీలో వచ్చింది. ఇందులో ర్యూ, కెన్ పదిహేడేళ్ల కుర్రాళ్లు. తమకన్నా బలవంతుల్ని వెతుక్కుంటూ దేశాలు తిరుగుతారు. 'హదో' అనే విద్య ఒకటుందని విని, నేర్చుకోవడానికి భారతదేశం వచ్చి ధాల్సిమ్‌ను కలుస్తారు. ఆటలో అయిదు రూపాయల కాయిన్‌తో దొరికేదాన్ని ఇక్కడ గురువు దగ్గర కూర్చుని సంపాదించాలి. సాగదీత ఉంది, ఒకే బొమ్మల్ని తిప్పి తిప్పి వాడుకున్న చోట్లూ ఉన్నాయి. అయినా విద్య అంటే ఎదురుచూపు అని ఇంత ఓపిగ్గా చెప్పిన ఫైటింగ్ యానిమే మరొకటి లేదు.

తర్వాతి కొన్నేళ్లలో ఫైటింగ్ యానిమేలు గంపగుత్తగా వచ్చాయి. 'వర్చువా ఫైటర్' టీవీ సీరియల్, 'టోషిండెన్', 'డార్క్‌స్టాకర్స్', 1998లో 'టెక్కెన్'. ఎక్కువభాగం నేరుగా వీడియో క్యాసెట్లుగా అమ్మినవి. ఆట పేరు మీద అమ్ముడుపోతే చాలన్న తొందర వాటిలో కనిపిస్తుంది. మ్యాడ్‌హౌస్ స్టూడియో చేసిన 'డార్క్‌స్టాకర్స్' నాలుగు భాగాలు మాత్రం బొమ్మ అందం వల్ల మిగతావాటికన్నా మెరుగు.

ఈలోగా ఆర్కేడ్లు పలచబడ్డాయి. ప్లేస్టేషన్ లాంటి ఇంటి యంత్రాలు వచ్చాక ఆటలే తమ చిన్న సినిమాల్ని తామే చూపించడం మొదలుపెట్టాయి. ఈ దారి చివర నిలిచేది ఆర్క్ సిస్టమ్ వర్క్స్ కంపెనీ 2014లో తెచ్చిన 'గిల్టీ గేర్ ఎక్స్‌ఆర్‌డి'. త్రీడీ బొమ్మల్ని చేతితో గీసిన యానిమేలా కనిపించేలా చేశారు. అందుకోసం కదలిక నున్నగా సాగకుండా మధ్యలోని బొమ్మల్ని కావాలనే తీసేశారు. ఒబారి చిత్రాల్లో పిడికిలికి ముందు ఆగిన ఆ క్షణం ఇప్పుడు ఆటలోనే ఉంది. ఇందులోని కథా విభాగంలో బటన్లతో పనే లేదు, కూర్చుని చూడటమే.

ఈ మధ్య వచ్చినవాటిలో నెట్‌ఫ్లిక్స్‌లో 2022లో ఆరు భాగాలుగా విడుదలైన 'టెక్కెన్: బ్లడ్‌లైన్' మూడో టెక్కెన్ కథను నిజాయితీగా చెప్పింది. కానీ దెబ్బల్లో బరువు లేదు. నన్ను కదిలించింది 2018 నాటి 'హై స్కోర్ గర్ల్'. ఇది ఏ ఫైటింగ్ ఆటకూ అనుసరణ కాదు. 1991లో ఆర్కేడ్‌లో 'స్ట్రీట్ ఫైటర్ 2' ఆడే ఇద్దరు బడిపిల్లల కథ. అనుమతి లేకుండా తమ పాత్రల్ని వాడారని ఎస్ఎన్‌కే వర్గం 2014లో మూల మాంగా ప్రచురణకర్తల మీద కేసు పెట్టింది, మరుసటి ఏడాది రాజీ కుదిరింది. ఈ యానిమేలో పోరు తెరమీది బొమ్మల మధ్య కాదు, మీటలు పట్టుకున్న చేతుల మధ్య. ఆ ఇద్దరిలో నోరు విప్పని అమ్మాయి మనసు ఆమె ఆట తీరులోనే తెలుస్తుంది.

ఈ చిత్రాల జోలికి ఎప్పుడూ వెళ్లని పాఠకులు అన్నీ చూడనక్కర్లేదు. యమాటో మొదటిసారి తరంగ ఫిరంగి పేల్చే భాగం, 1994 చిత్రం మొదటి దృశ్యం వెంటవెంటనే చూడండి. రెండోది జపనీస్ గొంతులతోనే చూడండి. అమెరికా విడుదలకు సంగీతం మార్చారు, గడ్డిలో గాలి చప్పుడు విలువ అందులో అంతగా తెలియదు.