బాయిలర్‌మేకర్ (పానీయం)

బాయిలర్‌మేకర్ అనేది విస్కీ, బీరు రెండింటినీ జతచేసి సేవించే మద్య పానీయము. దీనిని కాక్‌టెయిల్‌ల జాబితాలలో చేర్చినప్పటికీ, చాలా సందర్భాలలో రెండు పానీయాలనూ ఒకే గ్లాసులో కలపరు. చిన్న గ్లాసులోని విస్కీని ఒక్క గుక్కలో త్రాగి, వెంటనే చల్లని బీరు త్రాగడమే దీని అసలు పద్ధతి. ఇది అమెరికా సంయుక్త రాష్ట్రాలలో పుట్టి ప్రసిద్ధి పొందినది. హైదరాబాదులో ఈ పేరు ఎరిగినవారు తక్కువే అయినా, విస్కీతో బీరును కలిపి త్రాగే అలవాటు ఇక్కడి బార్లలోనూ, మద్యం దుకాణాలకు అనుబంధంగా ఉండే పర్మిట్ రూములలోనూ కనిపిస్తుంది.

పేరు

ఆవిరి యంత్రాల బాయిలర్లను తయారు చేసే, మరమ్మతు చేసే కార్మికులను ఆంగ్లంలో బాయిలర్‌మేకర్లు అంటారు. ఇనుప రేకులను కాల్చి, రివెట్లు కొట్టి అతికించే ఈ పని మిక్కిలి శ్రమతో కూడినది. పని ముగిసిన తరువాత ఈ కార్మికులు త్రాగే పానీయం కనుక దీనికి ఆ పేరు వచ్చినదని సాధారణంగా చెబుతారు. ఆవిరి ఇంజన్ల కాలంలో భారతీయ రైల్వే కర్మాగారాలలో కూడా ఈ వృత్తివారు ఉండేవారు. నిజాం రైల్వే 1893లో సికింద్రాబాదు వద్ద నెలకొల్పిన లాలాగూడ కర్మాగారం ఆనాటిదే. అయితే ఇక్కడి కార్మికుల పానీయాలు కల్లు, సారా. విస్కీ, బీరు దొరల పానీయాలుగానే చాలాకాలం చెలామణి అయినాయి.

బ్రిటనులో బాయిలర్‌మేకర్ అంటే అర్థం వేరు. అక్కడ అది రెండు రకాల బీర్ల మిశ్రమము. అందులో విస్కీ ఉండదు.

తయారీ

అమెరికా పద్ధతిలో 45 మి.లీ. విస్కీ, 350 మి.లీ. బీరు తీసుకుంటారు. విస్కీగా సాధారణంగా బోర్బన్ (కనీసం 51 శాతం మొక్కజొన్న గలది) లేదా రై వాడతారు. బీరు తేలికపాటి లాగర్ అయితే మంచిది. బీరును బాగా చల్లబరచాలి, విస్కీకి ఐసు అవసరం లేదు. బీరును ఒక పెద్ద గ్లాసులో పోసి, విస్కీని చిన్న గ్లాసులో ప్రక్కన ఉంచుతారు. విస్కీని ఒక్కసారిగా గాక, బీరుతో మార్చి మార్చి కొద్దికొద్దిగా చప్పరించేవారూ ఉన్నారు. రుచి తెలియాలంటే ఇదే మేలైన పద్ధతి.

విస్కీని నేరుగా బీరులో పోయదలచుకుంటే, గ్లాసులో పైన మూడు వేళ్ళ మందం ఖాళీ ఉంచి, గ్లాసును వంచి నెమ్మదిగా పోయాలి. లేనిచో బీరులో కరిగి ఉన్న బొగ్గుపులుసు వాయువు ఒక్కసారిగా వెలువడి నురుగు పొంగిపోతుంది. విస్కీ గ్లాసును గ్లాసుతో సహా బీరులో జారవిడిచే పద్ధతిని డెప్త్ ఛార్జ్ అంటారు. జలాంతర్గాములపై ప్రయోగించే బాంబు పేరు ఇది. చూడడానికి వేడుకగా ఉన్నా, గ్లాసు పగలడం, త్రాగేటప్పుడు లోపలి గ్లాసు పండ్లకు తగలడం వంటి ప్రమాదాలు ఉన్నాయి.

ఈ రెండు పానీయాలు ఒకదానికొకటి సరిపోవడానికి కారణం వాటి పుట్టుకలోనే ఉన్నది. మొలకెత్తించిన బార్లీ (మాల్టు) నుండి తీసిన తియ్యని ద్రవాన్ని హాప్ పూలతో మరిగించి పులియబెడితే బీరు అవుతుంది. హాప్ పూలు లేకుండా పులియబెట్టి, బట్టీ పట్టి, కొయ్య పీపాలలో నిలవ చేస్తే మాల్టు విస్కీ అవుతుంది. విస్కీ ఘాటును బీరు చల్లదనం, చేదు అణచివేస్తాయి. ఈ వివరణ భారతదేశంలో అమ్ముడయ్యే చవక విస్కీలకు వర్తించదు. వాటిలో అధిక భాగం చెరకు మడ్డి (మొలాసిస్) నుండి తీసిన స్పిరిటుతో తయారవుతాయి. ధాన్యం నుండి తీసి కనీసం 3 సంవత్సరాలు పీపాలలో ఉంచినదానినే విస్కీ అనాలన్నది ఐరోపా సమాఖ్య నిబంధన కనుక, ఇవి అక్కడ ఆ పేరుతో అమ్ముడుపోవు. బెంగుళూరుకు చెందిన అమృత్ సంస్థ 2004లో స్కాట్లాండులోని గ్లాస్గోలో విడుదల చేసిన సింగిల్ మాల్టు వంటివి ఇందుకు మినహాయింపు.

ఇతర దేశాలలో

నెదర్లాండ్స్‌లో జెనీవర్ అనే స్పిరిటును బీరుతో జతచేసి త్రాగుతారు. దీనిని కోప్‌స్టూట్ అంటారు, అనగా తలతో కొట్టిన దెబ్బ. స్కాట్లాండులో విస్కీ, బీరు జంటను "హాఫ్ అండ్ ఎ హాఫ్" అని అడుగుతారు. దక్షిణ కొరియాలో ఇటువంటి మిశ్రమాలను పోక్‌తాన్‌జు (బాంబు మద్యం) అని పిలుస్తారు. ఉద్యోగులు పై అధికారులతో కలిసి చేసే విందులలో వీటికి పెద్ద పీట.

హైదరాబాదులో

లక్డీకాపూల్ నుండి ఖైరతాబాదు, పంజగుట్ట మీదుగా అమీర్‌పేట వెళ్ళే రహదారి నగరంలో మిక్కిలి రద్దీ గలది. ఈ దారి పొడవునా కార్యాలయాలు, హోటళ్ళు, ఆసుపత్రులతో పాటు బార్లూ ఉన్నాయి. అమీర్‌పేట కంప్యూటర్ శిక్షణా సంస్థలకు పేరొందినది కనుక ఇక్కడ యువకుల సంఖ్య ఎక్కువ. తెలంగాణలో మద్యం కొనుగోలుకు కనీస వయస్సు 21 సంవత్సరాలు.

ఆంధ్ర ప్రదేశ్‌లో మద్యం చరిత్ర నిలకడగా సాగలేదు. నెల్లూరు జిల్లా దూబగుంట నుండి 1992లో మహిళలు లేవదీసిన ఉద్యమం వలన 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధింపబడినది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధం అమలు చేసింది. 1997లో దానిని సడలించారు. తెలంగాణ ఏర్పడిన తరువాత, 2015లో చిన్న బీరు తయారీ కేంద్రాలకు (మైక్రోబ్రూవరీ) అనుమతినిచ్చే నిబంధనలు వచ్చాయి.

ఇక్కడి బార్లలో విస్కీని 30 మి.లీ. లేదా 60 మి.లీ. పెగ్గులుగా కొలిచి ఇస్తారు. బీరు ఎక్కువగా 650 మి.లీ. సీసాలలో వస్తుంది. అందులోనూ స్ట్రాంగ్ బీరుదే పైచేయి. చిక్కంతా ఈ కొలతలతోనే వస్తుంది.

మోతాదు

అమెరికా పద్ధతిలో ఒక బాయిలర్‌మేకర్‌లో విస్కీ నుండి 14 గ్రాములు, బీరు నుండి 14 గ్రాములు, మొత్తం సుమారు 28 గ్రాముల ఆల్కహాలు ఉంటుంది. భారతదేశపు విస్కీ సాధారణంగా 42.8 శాతం ఆల్కహాలు కలిగి ఉంటుంది. కనుక 60 మి.లీ. పెగ్గులో 20 గ్రాములు ఉంటాయి. స్ట్రాంగ్ బీరులో గరిష్ఠంగా 8 శాతం ఉండవచ్చును. ఆ లెక్కన 650 మి.లీ. సీసాలో 41 గ్రాములు. రెండూ కలిపితే 61 గ్రాములు, అంటే అమెరికా పానీయానికి రెండింతలకు పైగా. పేరు ఒకటే, గ్లాసులు రెండే, కాని త్రాగినది నాలుగు అమెరికా "డ్రింకు"ల కంటె ఎక్కువ. బీరు ముందు విస్కీ రుచి అణగిపోవుట వలన త్రాగేవారికి ఈ తేడా తెలియదు.

70 కిలోల బరువు గల పురుషుడు ఇంత మద్యం త్వరగా త్రాగితే, రక్తంలో ఆల్కహాలు 100 మి.లీ.కు సుమారు 130 మి.గ్రా. వరకు చేరవచ్చును. స్త్రీలలో, బరువు తక్కువ గలవారిలో ఇంకా పెరుగుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం పరిమితి 30 మి.గ్రా. మాత్రమే. కాలేయం గంటకు సుమారు 15 మి.గ్రా. చొప్పున తగ్గించగలదు కనుక, పరిమితి లోపలికి రావడానికి దాదాపు ఆరున్నర గంటలు పడుతుంది. కాఫీ, మజ్జిగ, చన్నీటి స్నానం ఈ వేగాన్ని పెంచలేవు. 30 మి.లీ. పెగ్గు, 330 మి.లీ. మైల్డ్ బీరు (5 శాతం) తీసుకున్నా 23 గ్రాములు చేరుతాయి. అదికూడా పరిమితిని దాటించగలదు. చిన్న మోతాదే కదా అని బండి తీయడం చట్టరీత్యా కూడా చెల్లదు.

2019 సవరణ తరువాత మొదటి నేరానికి 10,000 రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. 2016 జూలై 1న పంజగుట్టలో మద్యం మత్తులో ఉన్న విద్యార్థుల కారు మరొక కారుపై పడిన దుర్ఘటనలో ఒక చిన్నారి బాలిక, ఆమె కుటుంబ సభ్యులు ప్రాణాలు కోల్పోయారు. 21 ఏళ్ళు నిండనివారికి బార్లలో మద్యం అమ్మడంపై నగరంలో తీవ్ర చర్చ జరిగినది అప్పుడే. 2018 సెప్టెంబరు 24న లక్డీకాపూల్, పంజగుట్ట స్టేషన్లతో ఎల్.బి.నగర్ - అమీర్‌పేట మెట్రో మార్గం ప్రారంభమైన తరువాత, ఈ దారిలో సొంత వాహనం లేకుండా ఇల్లు చేరడం సులభమైనది.

ఆల్కహాలును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే క్యాన్సర్ కారకంగా వర్గీకరించినది. ఎంత తక్కువ మోతాదైనా పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. నిద్రమాత్రలు, మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారికి ఈ మిశ్రమం మరింత ప్రమాదకరము.