పొరుగు రైల్వేల ఇంజనులు

ఏలూరు నుండి తాడేపల్లిగూడెము పోవు రైలుమార్గము ఉంగుటూరు మీదుగా సాగుచున్నది. గూడ్సుబండి వచ్చునపుడు కట్టకు దూరముగా నిలిచి చూచు పిల్లలు సాధారణముగా పెట్టెలను లెక్కింతురు. ముందు నడచు ఇంజనును చదువువారు తక్కువ. కాని ఇంజను చదువదగిన వస్తువు. దాని ప్రక్కన జాతిపేరు, సంఖ్య, అది ఏ షెడ్డునకు చెందినదో ఆ ఊరిపేరు, రైల్వే పేరు వ్రాయబడి యుండును. ఒక బండిని విజయవాడ ఇంజను లాగుచుండును. తరువాతి దానిని సికింద్రాబాదు దగ్గరి లాలాగూడ ఇంజను లాగవచ్చును. మరియొక దానికి టాటానగరము, భిలాయి వంటి దూరపు షెడ్డు ఇంజను కట్టబడి యుండవచ్చును. నూరేండ్ల క్రిందట ఈ దృశ్యము బహు అరుదు. పరాయి రైల్వే పెట్టెలు ఈ కట్టపై వచ్చుచుండెడివి గాని పరాయి ఇంజను సాధారణముగా వచ్చెడిది కాదు. ఈ మార్పు ఎట్లు కలిగినది?

కంపెనీల సరిహద్దులు

నిజాము హామీ రైల్వే 1889లో బెజవాడకు చేరినది. గుంటూరు మీదుగా దక్షిణ మహారాష్ట్ర రైల్వే వారి మీటరు గేజి మార్గము అచ్చటికే వచ్చినది. ఉంగుటూరు కట్ట ఈ రెండింటిదియు కాదు. ఇది ప్రభుత్వము నిర్మించిన తూర్పుకోస్తా రైల్వేలోని భాగము. బెజవాడ నుండి కటకము దిశగా ఈ మార్గము 1893 మొదలు భాగములుగా తెరువబడినది. రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై వంతెన 1900లో పూర్తియగువరకు నదికి ఇరువైపుల మార్గములు అతుకుపడలేదు.

వంతెన పూర్తియైన వెంటనే మార్గము రెండుగా పంచబడినది. దక్షిణ భాగము 1901లో మదరాసు రైల్వేకును, ఉత్తర భాగము 1902లో బెంగాలు-నాగపూరు రైల్వేకును చేరినవి. 1908లో మదరాసు రైల్వే, దక్షిణ మహారాష్ట్ర రైల్వే కలిసి యం. అండ్ యస్. యం. రైల్వే యైనవి. ఈ విధముగా ఉంగుటూరు మార్గమునకు ఒక కొనయందు బెజవాడలో నిజాము రైల్వే, రెండవ కొనయందు వాల్తేరులో బెంగాలు-నాగపూరు రైల్వే పొరుగులైనవి.

పెట్టె సాగెను, ఇంజను ఆగెను

సింగరేణి బొగ్గు నిజాము రైల్వే పెట్టెలలో బెజవాడ చేరి దక్షిణదేశపు రైళ్లకు ఉపయోగపడెడిది. సరిహద్దు వచ్చినంతనే బొగ్గును దింపి వేరు పెట్టెలో పోయుట వ్యర్థశ్రమ. కనుక పెట్టెను పెట్టెగానే పొరుగు రైల్వేకు అప్పగించి, దినములను బట్టి అద్దె లెక్కించు పద్ధతి ఏర్పడినది. ఇట్టి నియమములను కూర్చుటకు ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో భారత రైల్వే కాన్ఫరెన్సు సంఘము నెలకొన్నది. అప్పగించునపుడు పెట్టె చక్రములు, స్ప్రింగులు, కొక్కెములు పరీక్షించి, చెరుపు ఎవరివద్ద కలిగినదో నిర్ణయించుటకు ఏ పక్షమునకు చెందని పరీక్షకులు కూడ నియమింపబడిరి.

ఇంజనుకు ఈ సౌకర్యము లేకపోయినది. దీనికి మూడు కారణములు కలవు. మొదటిది ఆవిరి ఇంజను స్వభావము. అది త్రోవ పొడవునను నీరు త్రాగును, బొగ్గు తినును. కొంతదూరము నడచినపిమ్మట పొయ్యిలోని బూడిదయు చిట్టెమును తీసి శుభ్రపరుపవలెను. కాబట్టి గూడ్సు ఇంజను నూరు, నూటయేబది మైళ్లు నడచి ఒక షెడ్డు చేరుట వాడుక. బెజవాడ నుండి రాజమహేంద్రవరము సుమారు 150 కిలోమీటర్లు; అచ్చట షెడ్డు ఉండుట ఈ లెక్కకు సరిపడును. రెండవది విడిభాగముల చిక్కు. ఒక కంపెనీ ఇంజనుకు వేరొక కంపెనీ షెడ్డులో తగిన భాగము దొరకకపోవచ్చును. మూడవది ధనము. పెట్టె కంటె ఇంజను ఎన్నోరెట్లు విలువైనది. దానిని పొరుగువాని చేతిలో పెట్టుటకు ఎవరును ఇష్టపడరు.

కొల్లేటి రెండు ఒడ్డులు

వీటికి తోడు గేజి భేదము. కొల్లేటికి ఉత్తరముగా ఏలూరు, ఉంగుటూరుల మీదుగా పోవునది బ్రాడు గేజి. పట్టాల మధ్య దూరము 1676 మిల్లీమీటర్లు. దక్షిణముగా గుడివాడ, కైకలూరు, భీమవరముల మీదుగా పోవు మార్గము మొదట మీటరు గేజి. పట్టాల మధ్య దూరము 1000 మిల్లీమీటర్లు. ఒకే సరస్సు రెండు ప్రక్కల నడచిన ఇంజనులు ఒకే కంపెనీవైనను ఒకదాని త్రోవలో ఒకటి అడుగిడజాలకపోయినవి. యజమాని యెవరన్న ప్రశ్నకు ముందు చక్రము పట్టాపై నిలుచునా అన్న ప్రశ్న యున్నదని ఈ ఉదాహరణము తెలుపును. తరువాతి కాలమున దక్షిణపు మార్గము కూడ బ్రాడు గేజిగా మారినది.

ఒకే నమూనా

అడ్డుగోడ మొదట సడలినది నమూనాలవలన. ఇరువదవ శతాబ్ది తొలి దశకమున బ్రిటిషు ఇంజనీరింగు ప్రమాణముల సంఘము భారత రైల్వేలకు ఉమ్మడి నమూనాలను సిద్ధపరచినది. 1920 తరువాత ఎక్స్.డి., ఎక్స్.ఇ. మున్నగు జాతులు వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికా నుండి ఎ.డబ్ల్యు.డి., కెనడా నుండి సి.డబ్ల్యు.డి. జాతుల గూడ్సు ఇంజనులు దిగినవి.

స్వాతంత్ర్యము తరువాత యజమాన్యము కూడ ఒకటైనది. యం. అండ్ యస్. యం. రైల్వేను ప్రభుత్వము 1944లోనే తీసికొనినది. 1951 ఏప్రిల్ 14న దక్షిణ రైల్వే ఏర్పడినది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడగా విజయవాడ విభాగము అందు చేరినది. 1950లో చిత్తరంజన్ కర్మాగారమున తయారైన మొదటి ఇంజను డబ్ల్యు.జి. జాతికి చెందినది. ఒకే జాతి ఇంజను దేశమంతట నడచుటచే, ఒక షెడ్డు పనివాని నేర్పు వేరొక షెడ్డునకు పనికివచ్చినది.

డీజిలు, విద్యుత్తు

ఆవిరి పోయినపుడు నీటి తొట్టియు బూడిదగుంటయు విధించిన హద్దు పోయినది. 1962లో అమెరికా నుండి డబ్ల్యు.డి.యం.-2 డీజిలు ఇంజనులు వచ్చినవి. 1964 నుండి వారణాసిలో తయారీ ఆరంభమైనది. ఒక నింపుడుతో వందల మైళ్లు పోగల ఇంజనును నూటయేబది మైళ్లకే ఆపుట నిరర్థకము గదా!

విద్యుత్తు విషయమున 1957లో జరిగిన నిర్ణయము ముఖ్యమైనది. ఇకమీదట 25,000 వోల్టుల ఏకాంతర విద్యుత్తునే ప్రమాణముగా గ్రహింపవలెనని నిశ్చయించిరి. అట్లు గాక ఒక్కొక్క రైల్వే ఒక్కొక్క వోల్టేజిని ఎన్నుకొనియుండినచో, పాత గేజి భేదము తీగల రూపమున మరల తలయెత్తి యుండెడిది. ఉంగుటూరు మార్గమునకు 1990 తరువాత విద్యుత్తు వచ్చినది. 2005 నాటికి హౌరా-చెన్నై మార్గమంతయు విద్యుదీకరింపబడినది. ఇప్పుడు పంటోగ్రాఫు దింపకయే ఇంజను అనేక రైల్వేల గుండ పోగలదు.

జాతిపేరును చదువుట సులభము. డబ్ల్యు. అనగా బ్రాడు గేజి, ఎ. అనగా ఏకాంతర విద్యుత్తు, డి. అనగా డీజిలు, జి. అనగా గూడ్సు, పి. అనగా ప్రయాణికుల బండి, యం. అనగా రెండింటికి పనికివచ్చునది. కావున 1992లో వెలువడిన డబ్ల్యు.ఎ.జి.-7 అనునది బ్రాడు గేజిపై ఏకాంతర విద్యుత్తుతో నడచు గూడ్సు ఇంజను. శక్తి 5000 అశ్వశక్తి.

అరువు ఇంజను బాధ్యత

ఇంజను ఎచ్చటికైనను పోగలిగినను దానికి ఇల్లు ఒకటే. నియత కాలమునకు సొంత షెడ్డు చేరి పరీక్ష చేయించుకొనవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. బండ్లు ఎక్కువై ఇంజనులు చాలనప్పుడు, చేతికి అందిన పొరుగు ఇంజనును మరియొక బండికి కట్టి పంపవలెననిపించును. అట్లు రెండు మూడు మారులు చేసినచో పరీక్ష గడువు దాటును. గడువు దాటిన ఇంజను దారిలో ఆగినచో వెనుక బండ్లన్నియు ఆగును. ఆ నష్టము అరువు తెచ్చుకొనిన రైల్వేకే తగులును. అందుచే ప్రతి ఇంజను ఎచ్చట నున్నదో, ఎన్నడు ఇల్లు చేరవలెనో లెక్క వ్రాయుట అనివార్యమైనది. అమెరికాలో రైల్వేలు ఇప్పటికిని వేర్వేరు కంపెనీలే. అచ్చట ఒకరి ఇంజనును మరియొకరు వాడుకొనినపుడు అశ్వశక్తిని గంటలతో గుణించి, అంత పనిని తమ ఇంజనుల ద్వారా తీర్చు పద్ధతి కలదు. 5000 అశ్వశక్తి ఇంజనును 12 గంటలు వాడినచో 60,000 అశ్వశక్తి-గంటల బాకీ.

ఇంజను సరిహద్దు దాటినను నడుపు వాడు దాటడు. మలుపులు, ఎత్తుపల్లములు, సిగ్నళ్లు నేర్చి, పగలును రాత్రియు ఆ త్రోవను చూచిన లోకో పైలటే ఆ మార్గమున బండి నడుపవలెను. దూరపు ఇంజను ఉంగుటూరు దాటునపుడు దానిలో కూర్చున్నది ఈ త్రోవ నెరిగిన మనిషియే. ఉక్కును ఒకే నమూనాలో పోయవచ్చును గాని త్రోవ జ్ఞానమును ఎక్కడికక్కడ నేర్వవలసినదే.

తరగతికి ఒక పని

ఉపాధ్యాయులు విద్యార్థులచే ఒక పుస్తకము పెట్టింపవచ్చును. ప్లాట్‌ఫారముపై గాని, కట్టకు దూరముగా గాని నిలిచి తేది, వేళ, జాతిపేరు, సంఖ్య, షెడ్డు పేరు, బండిలోని సరకు వ్రాయవలెను. పట్టాల దగ్గరకు పోరాదు. నెల తరువాత ఆ షెడ్డులను దేశపటముపై గుర్తించి, ఉంగుటూరు నుండి గీతలు గీయవలెను. 1908 నాటి పిల్లవాడు ఇట్టి పటము గీసియున్నచో వాని గీతలు బెజవాడ, రాజమహేంద్రవరములతో ముగిసియుండెడివి. నేటి గీతలు ఎంతదూరము పోవునో పిల్లలే కనుగొందురు.