ఆకుకూరల కొలత: గ్రాములా, కప్పులా?

తెలుగు ఇళ్లలో బియ్యానికి సోల, పప్పుకు గిద్ద ఉన్నా ఆకుకూరకు కొలపాత్ర లేదు. కట్ట లెక్కనే కొంటారు, చేతి అంచనాతోనే వండుతారు. వంటల వీడియోలు, విదేశీ వంట పుస్తకాలు మాత్రం ‘రెండు కప్పుల పాలకూర’ అంటాయి. పోషకాహార నిపుణులేమో గ్రాముల్లో చెబుతారు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో పెద్దలకు రోజుకు 100 గ్రాముల ఆకుకూర సూచించింది. అది వండకముందు తూకం. మరి 100 గ్రాములంటే ఎన్ని కప్పులు?

పచ్చి ఆకు లెక్క

అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల ప్రకారం, సుమారు 240 మిల్లీలీటర్ల కప్పులో పట్టే పచ్చి ఆకు ఇది:

- పాలకూర: 30 గ్రాములు
- తోటకూర: 28 గ్రాములు
- మునగాకు (తరిగినది): 21 గ్రాములు
- కొత్తిమీర: 16 గ్రాములు

కావలసిన గ్రాములను కప్పు బరువుతో భాగిస్తే కప్పుల సంఖ్య వస్తుంది. 100 గ్రాములకు పాలకూర మూడు కప్పులకు కాస్త ఎక్కువ, తోటకూర మూడున్నర, మునగాకు దాదాపు అయిదు కప్పులు కావాలి.

ఇవి ఆకును వదులుగా నింపినప్పటి అంకెలు. అదిమి నింపినా, సన్నగా తరిగినా అదే కప్పులో ఎక్కువ పడుతుంది. కప్పులో ఆకు కంటే గాలే ఎక్కువ ఉండటం ఇందుకు కారణం.

ఉడికిన తర్వాత

పాలకూరలో 90 శాతానికి పైగా నీరే. వేడికి కణాలు మెత్తబడి, నీరు బయటికొచ్చి, ఆకు అణిగిపోతుంది. ఉడికించి నీరు వార్చిన పాలకూర ఒక కప్పు 180 గ్రాములు, తోటకూర 132, మునగాకు 42 గ్రాములు తూగుతాయి. అంటే ఉడికిన పాలకూర ఒక కప్పు కావాలంటే పచ్చి ఆకు కనీసం ఆరు కప్పులు తీసుకోవాలి. మునగాకు అంతగా అణగదు. అందుకే అన్ని ఆకులకూ ఒకే సూత్రం పనికిరాదు.

తేడా ఎక్కడ ప్రమాదం?

పప్పులో ఆకు కాస్త తగ్గినా రుచి మారుతుందంతే. నిల్వ ఉండే గోంగూర పచ్చడిలో మాత్రం ఉప్పు, కారం పాళ్లు ఆకు తూకాన్ని బట్టి ఉండాలి. కప్పు లెక్క నమ్ముకుని ఉప్పు తగ్గితే పచ్చడి పాడవుతుంది.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి ఇది ఆరోగ్య సమస్యే. ఆకుకూరల్లోని విటమిన్ కె ఆ మందు ప్రభావాన్ని తగ్గిస్తుంది. కప్పు పచ్చి పాలకూరలో అది సుమారు 145 మైక్రోగ్రాములు, కప్పు ఉడికిన పాలకూరలో దాదాపు 890. ‘రోజూ ఒక కప్పే’ అనుకుంటూ ఒకనాడు సలాడ్, మరునాడు కూర తింటే మోతాదు ఆరు రెట్లు మారినట్టే. వీరు ఆకుకూర మానేయనక్కర్లేదు. రోజూ ఇంచుమించు ఒకే పరిమాణంలో తినాలి, మార్పు చేసేముందు వైద్యుడికి చెప్పాలి.

ఇంట్లో చేసుకునే లెక్క

ఆకును కడిగి, నీరు పూర్తిగా ఓడ్చి, పారేసే కాడలు తీసేశాక తూచాలి. తడి ఆకు తూకం నమ్మదగింది కాదు. తరచూ వాడే గిన్నెకు ఏ ఆకు ఎన్ని గ్రాములు పడుతుందో ఒక్కసారి తూచి రాసుకుంటే చాలు. విదేశీ వంటకాల్లో ఔన్సు కనిపిస్తే దాన్ని సుమారు 28 గ్రాములుగా, పౌండును 454 గ్రాములుగా తీసుకోవాలి. కప్పు అని మాత్రమే ఉంటే అది పచ్చిదా, ఉడికిందా, తరిగిందా అన్నది ముందు చూసుకోవాలి.