నిద్రమాత్రలూ మతిమరుపూ: ముందే తెలిసిన సంగతి

నిద్రమాత్రలతో వచ్చే మతిమరుపు చరిత్రను చాలామంది 1980ల నుంచి మొదలుపెడతారు. హాల్సియన్ అనే మాత్ర వచ్చింది, వేసుకున్నవాళ్లు రాత్రి చేసిన పనులు మరిచిపోయారు, 1991లో బ్రిటన్ దాని అమ్మకం ఆపేసింది, ఆ తర్వాత మెరుగైన మందులు వచ్చాయి అంటారు. సంవత్సరాలు సరైనవే కానీ, కథ మొదలుపెట్టిన చోటూ ముగించిన చోటూ రెండూ తప్పని నా అభిప్రాయం.

1869 నాటి క్లోరల్ హైడ్రేట్, 1903లో వచ్చిన బార్బిటాల్ అనే నిద్రమందుల కాలంలో భయమంతా ప్రాణం గురించే. మోతాదు మించితే ఊపిరి ఆగిపోయే మందుల దగ్గర మరపును ఎవరు లెక్కపెడతారు? 1960లో లిబ్రియం, 1963లో వేలియం వచ్చాక ఆ భయం చాలావరకు తగ్గింది.

అసలు విషయం ఇక్కడుంది. వేలియంను నరానికి ఎక్కించిన మత్తు డాక్టర్లు 1960లలోనే ఒకటి గమనించారు. రోగి మెలకువగా ఉంటాడు, అడిగినదానికి జవాబిస్తాడు, తర్వాత ఆ సంగతే గుర్తుండదు. పాత జ్ఞాపకాలు పోవు, కొత్తవి నిలవవు. ఎండోస్కోపీకి గొంతులోకి గొట్టం దించాల్సిన డాక్టర్‌కి ఇది వరమే. వేలియం కుటుంబానికే చెందిన లోరాజెపామ్, మిడజొలామ్ ఆపరేషన్ థియేటర్లలో స్థిరపడటానికి ఈ గుణమూ ఒక కారణం. అదే కుటుంబానికి చెందిన మాత్రలు అప్పటికే పడకగదుల్లోకి చేరాయి. థియేటర్లో ప్రయోజనంగా రాసుకున్నదాన్ని ఇంట్లో దుష్ప్రభావంగా వెతికినవాళ్లు తక్కువ.

నరానికి ఇచ్చిన మందు, మింగిన మాత్ర ఒకే తీరున పనిచేయవని అనవచ్చు. ఒప్పుకుంటాను. అందుకే హాల్సియన్ ముఖ్యం. అందులోని ట్రయజొలామ్ చాలా తక్కువ మోతాదులోనే బలంగా పనిచేస్తుంది. 1979లో నెదర్లాండ్స్‌లో వాన్ డెర్ క్రూఫ్ అనే మానసిక వైద్యుడు తన రోగుల్లో కనబడిన ఇబ్బందులను బయటపెట్టాక అక్కడ దాని అమ్మకం నిలిచింది. అయినా 1982లో అమెరికా అనుమతించింది. 1987లో అక్కడి వైద్య పత్రిక ఒకటి, విమానంలో ఈ మాత్ర వేసుకుని దిగాక చేసినవేవీ గుర్తులేని ముగ్గురు నాడీ శాస్త్రవేత్తల అనుభవాన్ని ప్రచురించింది. వాళ్లు మద్యం కూడా తీసుకున్నారు కాబట్టి నేరమంతా మాత్ర మీదే మోపలేం. మద్యం లేకుండా చూసిన పరీక్షలోనూ 0.5 మిల్లీగ్రాముల ట్రయజొలామ్ మర్నాటి జ్ఞాపకాన్ని దెబ్బతీసిందని 1991లో లాన్సెట్ పత్రికలో వచ్చింది.

ఈ మరపును గుర్తించడంలో ఇంత ఆలస్యానికి మందుల కంపెనీలు సమాచారం దాచడం ఒక్కటే కారణమంటే నేను పూర్తిగా ఒప్పుకోను. మరిచిపోయినవాడు తాను మరిచిపోయానని ఫిర్యాదు చేయలేడు. పైగా మాత్ర పనితనాన్ని తెల్లారాక రోగినే అడిగి కొలిచేవారు. రాత్రి నాలుగుసార్లు లేచి, ఆ లేవడం మరిచిపోయినవాడు కూడా బాగా నిద్రపట్టిందనే చెబుతాడు.

1999లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు, ఈ మందుల మత్తుకూ మరపుకూ మెదడులోని గాబా గ్రాహకంలో ఆల్ఫా-1 అనే ఒకే భాగం ప్రధానమని చూపాయి. మెరుగైనదిగా పేరొచ్చిన జోల్పిడెమ్ ఎక్కువగా పట్టుకునేది ఆ భాగాన్నే. అందుకే దానితో సమస్య తీరిందన్న మాట నాకు నమ్మశక్యంగా లేదు. అమెరికాలో స్త్రీలకు దాని మోతాదును 10 నుంచి 5 మిల్లీగ్రాములకు తగ్గించమన్నది 2013లో. అప్పటికి అది అక్కడ అమ్ముడవడం మొదలై ఇరవై ఏళ్లు. నిద్రలో నడవడం, కారు నడపడం వంటి చర్యల గురించి మందు సమాచార పత్రంలో అతి తీవ్రమైన హెచ్చరిక వచ్చింది 2019లో.

ఈ మాత్రలు డిమెన్షియా తెస్తాయా అన్న వాదన ఇంకా తేలలేదు. నిద్రలేమే ఆ జబ్బుకు తొలి లక్షణం కావచ్చు. తేలని ఆ ప్రశ్న చుట్టూ ఇంత చర్చ జరుగుతూ, తేలిపోయిన ఆ రాత్రి మరపు పక్కకు పోవడం నన్ను బాధిస్తోంది. మన దేశంలో 2014 నుంచి జోల్పిడెమ్, వేలియం కుటుంబానికే చెందిన ఆల్‌ప్రజొలామ్ అమ్మితే మందుల షాపు రిజిస్టర్లో పేరు రాయాలి. అదే ఆల్‌ప్రజొలామ్ తెలంగాణలో కల్తీ కల్లులో లెక్కాపత్రం లేకుండా కలుస్తోంది. తాగినవాడి మరపును మనం కల్లు మీదికి తోసేస్తున్నాం. చీటీ మీద కొన్నవాళ్ల విషయంలోనూ రాత్రి ఏం జరిగిందో పక్కన పడుకున్న మనిషిని అడిగే డాక్టర్లు అరుదు.